బుజ్జమ్మ విన్న మొదటి రైలు కూత

డిస్నీల్యాండ్ గేటు ఇంకా దాటలేదు. టికెట్లు చూపించే వరుసలో ఉన్నాం. పైనుంచి కూత వినిపించింది. డీజిల్ హారన్ కాదు, ఆవిరి కూత. ముప్పై ఏళ్ళయింది ఆ కూత దగ్గరగా విని. చంకలో ఉన్న బుజ్జమ్మ తల తిప్పి చూసింది, నేనూ చూశాను.

బుజ్జమ్మ మా మనవరాలు, మా అమ్మాయి కూతురు. పదకొండు నెలలు నిండి వారమైంది. వాళ్ళుండేది కాలిఫోర్నియాలో అర్వైన్‌లో. అక్కణ్ణుంచి డిస్నీల్యాండ్ ఉన్న అనహైమ్‌కి కారులో అరగంట కూడా పట్టదు. నేనూ మా ఆవిడా ఆరు నెలలకని వచ్చాం, చూస్తుండగానే నాలుగు నెలలు గడిచిపోయాయి. "మీరు వెళ్ళేలోపు అందరం ఒకసారి డిస్నీల్యాండ్ వెళ్దాం నాన్నా" అని అమ్మాయి వచ్చిన దగ్గర్నుంచీ అంటోంది. మొన్న మంగళవారం అల్లుడు సెలవు పెట్టాడు.

రాగిజావ ఫ్లాస్కు, ఉగ్గు పొడి, వేడినీళ్ళు, నాలుగు జతల బట్టలు, రెండు దుప్పట్లు, అన్నీ సర్దేసరికి మా ఆవిడకి తెల్లవారింది. బుగ్గన దిష్టిచుక్క పెట్టి, చాలదన్నట్టు అరికాలికి కూడా పెట్టింది. సెక్యూరిటీ దగ్గర ఒకమ్మాయి ఉగ్గు డబ్బా మూత తీసి చూసింది. "బేబీ ఫుడ్" అనగానే నవ్వి పంపించేసింది. మూడేళ్ళలోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు. లోపల సిటీ హాల్ అని ఒక భవనం ఉంది, మొదటిసారి వచ్చామని చెబితే గుండ్రటి బ్యాడ్జి ఊరికే ఇస్తారు. దాని మీద బుజ్జమ్మ పేరు రాయించి, పిన్ను గుచ్చుకుంటుందేమోనని స్ట్రాలర్‌కి తగిలించాం.

ముందు బొమ్మల పడవ ఎక్కాం. ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్ అంటారు దాన్ని. 1964లో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం తయారుచేసి, 1966లో ఇక్కడ పెట్టారట. దేశదేశాల పిల్లల బొమ్మలు ఆడుతూ పాడుతూ ఉంటాయి. బుజ్జమ్మ నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది, చొంగ కారి గౌను ముందంతా తడిసిపోయింది.

తర్వాత ఉగ్గు పెట్టడానికి బేబీ కేర్ సెంటర్‌కి వెళ్ళాం. ఆ చోటు గురించి చెప్పి తీరాలి. పిల్లలకి బట్టలు మార్చే బల్లలు, పాలిచ్చే తల్లులకి వేరే గది, అన్నం తినిపించడానికి ఎత్తు కుర్చీలు, వేడి చేసుకోవడానికి మైక్రోవేవ్, అన్నీ ఉన్నాయి, నిశ్శబ్దంగా, శుభ్రంగా. నా ఉద్యోగమంతా రైల్వేలో, ప్లాట్‌ఫారాల మీదే గడిచింది. చీర చెంగు కప్పుకుని, గోడవైపు తిరిగి పిల్లలకి పాలిచ్చే తల్లుల్ని ఎంతమందిని చూశానో లెక్కలేదు. ప్రతి జంక్షన్‌లో ఇలాంటి గది ఒకటి ఉండాలి.

అమ్మాయి, అల్లుడు స్పేస్ మౌంటెన్ అనే రోలర్ కోస్టర్ ఎక్కుతామన్నారు. దానికి 40 అంగుళాల ఎత్తు ఉండాలి. "మీరు వెళ్ళి రండి, పాపని మేం చూసుకుంటాం" అన్నాను. మా ఆవిడకి మోకాళ్ళ నొప్పి, మెట్లు ఎక్కలేనని స్ట్రాలర్ పట్టుకుని కింద బెంచీ మీద కూర్చుంది. నేను బుజ్జమ్మని ఎత్తుకుని, పార్కు చుట్టూ తిరిగే ఆవిరి రైలు ఆగే మెయిన్ స్ట్రీట్ స్టేషన్ మెట్లెక్కాను.

1983లో గుంతకల్లు మీటర్ గేజ్ షెడ్‌లో ఇంజన్ క్లీనర్‌గా చేరాను. తర్వాత సెకండ్ ఫైర్‌మన్, ఫస్ట్ ఫైర్‌మన్, అంటే ఇంజన్ పొయ్యిలో బొగ్గు వేసే పని. వైపీ అనే మీటర్ గేజ్ ఆవిరి ఇంజన్ల మీద నంద్యాల దాటి నల్లమల ఎక్కేవాళ్ళం. దిగువమెట్ట వైపు ఘాటులో స్టీమ్ నిలబడాలంటే పార కింద పెట్టడానికి ఉండదు. మీటర్ గేజ్ పోయాక డీజిల్, ఆ తర్వాత కరెంటు ఇంజన్లు. లోకో పైలట్‌గా రిటైరయ్యాను. కానీ నాకు పని నేర్పింది ఆవిరే.

ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ ఇంజన్ మూడో నంబరుది. ఫ్రెడ్ గర్లీ అని పేరు. 1894లో ఫిలడెల్ఫియాలో బాల్డ్విన్ కంపెనీ వాళ్ళు చేసింది. ఒకప్పుడు లూసియానాలో చెరకు లాగేదట. మా వైపీలలో ఇండియాకి మొట్టమొదట వచ్చినవి కూడా బాల్డ్విన్ వాళ్ళవే. తర్వాత జంషెడ్‌పూర్‌లో మనవాళ్ళే చేసుకున్నారు. పట్టాల మధ్య దూరం చూశాను. మూడడుగులు, మన మీటర్ గేజ్ కన్నా బెత్తెడు తక్కువ. బొగ్గు మాత్రం లేదు. ఇక్కడి వంటశాలల్లో వాడేసిన నూనెతో చేసిన బయోడీజిల్ మండిస్తారు. తర్వాత కింద బెంచీ దగ్గరికొచ్చి చెబితే మా ఆవిడ, "అయితే బజ్జీల నూనెతో బండి నడుస్తోందన్నమాట" అంది.

ముందు పెట్టెలో, ఇంజన్‌కి దగ్గరగా కూర్చున్నాం. డ్రైవర్ చెయ్యి తాడు వైపు లేవడం కనిపించింది. కూత వేస్తాడని తెలిసి బుజ్జమ్మ రెండు చెవులూ అరచేతులతో మూశాను. కూత పడింది. పిల్ల ఒళ్ళు బిగదీసుకుని ఏడవబోతూ నా మొహంలోకి చూసింది. నేను నవ్వాను. ఒక్క క్షణం అలాగే చూసి, తనూ నవ్వింది, కిందున్న రెండు పళ్ళూ కనబడేలా. ఇక ప్రతి కూతకీ కాళ్ళు ఆడించడమే.

నా కుడి మణికట్టు మీద ఫైర్‌బాక్స్, అంటే ఇంజన్‌లో బొగ్గు మండే పొయ్యి, తలుపు తగిలి కాలిన మచ్చ ఉంది. నా ఒళ్ళో కూర్చుంటే బుజ్జమ్మ చూపుడువేలు పెట్టి దాన్నే రుద్దుతుంటుంది. అప్పుడూ అదే చేసింది. ముందు ఇంజన్ ఊపిరి తీస్తోంది, ఒళ్ళో ఈ పిల్ల వేలు ఆ మచ్చ మీద అటూ ఇటూ కదులుతోంది. నాకు గొంతు పట్టేసింది.

చుట్టు మొత్తం రెండు కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఇరవై నిమిషాలు పడుతుంది. న్యూ ఆర్లీన్స్ స్క్వేర్ స్టేషన్‌లో టెలిగ్రాఫ్ టకటకలు వినిపిస్తాయి, పాతకాలం స్టేషన్ మాస్టర్ గదిలో లాగా. 1955 జులై 17న పార్కు ప్రారంభంలో వాల్ట్ డిస్నీ మాట్లాడిన మాటలట అవి. చివర్లో సొరంగంలో గ్రాండ్ కాన్యన్ లోయ నమూనా, ఆ తర్వాత రాకాసి బల్లుల బొమ్మలు. చీకటి పడగానే బుజ్జమ్మ నా చొక్కా బొత్తాం గట్టిగా పట్టుకుంది. వెలుగులోకి వచ్చేదాకా వదల్లేదు.

దిగాక ఇంజన్ దగ్గరికి వెళ్ళాను. నేను ఇండియాలో ఆవిరింజన్ మీద ఫైర్‌మన్‌గా పనిచేశానని నాకొచ్చిన ఇంగ్లీషులో డ్రైవర్‌కి చెప్పాను. ఆయన చేతి గ్లోవ్ తీసి మరీ చెయ్యి కలిపాడు. బొగ్గు పారతోనా అని అడిగాడు. అవునన్నాను. పాపని చూసి, బయల్దేరేటప్పుడు కూత చిన్నగా, మెల్లగా వేశాడు.

అప్పటికి అమ్మాయి వాళ్ళు వచ్చేశారు. జరిగిందంతా చెప్పాను. అమ్మాయి కాసేపు పట్టాలవైపు చూసి, "చిన్నప్పుడు క్యారియర్ ఇవ్వడానికి అమ్మతో షెడ్‌కి వచ్చేదాన్ని కదా నాన్నా. నన్నూ ఇంజన్ ఎక్కించమని అడిగేదాన్ని. రేపు అనేవాడివి" అంది. నాకు గుర్తుంది. బండి టైమో, పై ఆఫీసరున్నాడనో, ఏదో ఒకటి. దాని స్కూల్లో వార్షికోత్సవం అన్న రోజు కూడా తెల్లారకముందే డ్యూటీకి పిలిచే కాల్ బాయ్ వచ్చి తలుపు తట్టాడు. ఆ 'రేపు' రాకముందే ఆవిరింజన్లు షెడ్ నుంచి వెళ్ళిపోయాయి.

బుజ్జమ్మ నా భుజం మీద నిద్రపోయింది. దాన్ని స్ట్రాలర్‌లో పడుకోబెట్టి, వాళ్ళ నాన్నకీ అమ్మమ్మకీ అప్పజెప్పాను. అమ్మాయిని తీసుకుని మళ్ళీ మెట్లెక్కాను. బండి వచ్చింది. ముందు పెట్టెలో ఇంజన్‌కి దగ్గరి సీటులో అమ్మాయిని కూర్చోబెట్టి, పక్కన నేను కూర్చున్నాను.