నొప్పి లేని పుండు, దురద లేని మచ్చలు

నాకు సిఫిలిస్ అనే సుఖవ్యాధి వచ్చింది, మందు తీసుకున్నాను, తగ్గింది. మా గుంటూరులో షుగర్ గురించి, థైరాయిడ్ గురించి ఇంటి ముందు కూర్చుని గట్టిగానే మాట్లాడుకుంటారు. సుఖవ్యాధి మాట మాత్రం మొగుడూ పెళ్లాల మధ్య కూడా నోరు దాటి రాదు. అందుకే నా సంగతి రాస్తున్నాను. కొత్తగా పెళ్లయినవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు తప్పకుండా చదవాలని నా కోరిక.

కడుపుతో ఉన్న మూడో నెలలో అందరికీ రాసినట్టే నాకూ రక్త పరీక్షలు రాశారు. హిమోగ్లోబిన్, షుగర్, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సిఫిలిస్ కోసం చేసే వీడీఆర్‌ఎల్. ఒంట్లో నాకు ఏ బాధా లేదు. పుండు లేదు, జ్వరం లేదు, తెల్లబట్ట కూడా లేదు. అయినా వీడీఆర్‌ఎల్ రియాక్టివ్ అని, అంటే జబ్బు ఉండొచ్చని వచ్చింది. ల్యాబ్ కౌంటర్‌లో ఉన్న అబ్బాయి ఆ కాగితం ఇస్తూ నలుగురూ వినేలా "మీ ఆయన్ని కూడా తీసుకురావాలి" అన్నాడు. ఆ క్షణంలో అక్కడ నిలబడటం నాకు ఎంత కష్టమైందో ఇప్పటికీ చెప్పలేను. ఇలాంటి రిపోర్టు చేతికిచ్చేవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడాలి. ఆ భయానికే ఎంతమంది మళ్లీ ఆసుపత్రి వైపు రాకుండా పోతారో!

డాక్టరమ్మ మాత్రం తలుపు వేయించి, కూర్చోబెట్టి మాట్లాడారు. కడుపుతో ఉన్నప్పుడు వీడీఆర్‌ఎల్ ఒక్కోసారి జబ్బు లేకపోయినా రియాక్టివ్ చూపిస్తుందట. అందుకని సిఫిలిస్ నిజంగా సోకిందో లేదో తేల్చే టీపీహెచ్‌ఏ అనే ఇంకో పరీక్ష చేయించారు. అదీ పాజిటివే. "ఇది ట్రెపొనీమా పాలిడమ్ అనే బ్యాక్టీరియా వల్ల వస్తుందమ్మా. పెన్సిలిన్‌తో పోతుంది. వదిలేస్తే బిడ్డకు పాకుతుంది, కడుపు పోవచ్చు, బిడ్డ లోపాలతో పుట్టొచ్చు. నీకు మూడో నెలలోనే తెలిసింది, అది మంచి విషయం" అన్నారు. నాకు పుండు ఎందుకు కనిపించలేదని అడిగాను. ఆడవాళ్లలో అది లోపల, గర్భాశయ ముఖద్వారం దగ్గర కూడా రావచ్చట. నొప్పి ఉండదు కాబట్టి వచ్చినట్టే తెలియదు.

ఆ తర్వాత మా ఆయన్ని అడిగారు. ఎప్పుడైనా పుండు వచ్చిందా, అరచేతుల్లో అరికాళ్లలో మచ్చలు వచ్చాయా అని. నాకు గుండె ఆగినంత పనైంది. ఎందుకంటే ఆ మచ్చలు నేను చూశాను.

ఆయన మిర్చి యార్డులో గుమాస్తా. ఫిబ్రవరి నుంచి సీజన్ మొదలైతే రోజంతా కాయల మధ్యే ఉంటారు. యార్డుకి ఎండాకాలం సెలవులిచ్చినప్పుడు మా పెళ్లి జరిగింది. అప్పుడే ఆయన అరచేతుల నిండా రాగి రంగు మచ్చలున్నాయి, అరికాళ్లలో కూడా. "మొన్నటిదాకా సీజన్ కదమ్మా, కారం ఘాటు" అన్నారు అత్తయ్య. యార్డులో పనిచేసేవాళ్లకు చేతులు మండటం, దద్దుర్లు రావడం మాకు మామూలే కాబట్టి ఎవరూ అనుమానించలేదు. కొన్ని వారాలకి వాటంతటవే పోయాయి. కారం అయితే మంట పుడుతుంది, దురద పెడుతుంది. ఆయనకి మంటా లేదు, దురదా లేదు. డాక్టరమ్మ ఆ తేడా చెప్పేదాకా మా ఇంట్లో ఎవరికీ అది తెలియదు. యార్డులో పనిచేసే ప్రతి ఇంటికీ ఈ ముక్క తెలియాలి.

ఆయన తల వంచుకుని చెప్పారు. పెళ్లికి ముందు కింద చిన్న పుండు వచ్చింది, నొప్పి లేదు, దానంతటదే మానింది, ఇంక ఏముందిలే అనుకున్నానని. ఆ పుండు మందు వాడకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో మానిపోతుందట. పుండు మానినా జబ్బు మానదు. రక్తంలో ఉండి, తర్వాత మచ్చలుగా బయటపడుతుంది. అవీ పోయాక ఏళ్ల తరబడి ఏ గుర్తూ లేకుండా ఉండి, కొందరిలో గుండె మీదో, మెదడు మీదో పడుతుంది. పెళ్లికి ముందు సంగతి ఆయన నాకు పూర్తిగా చెప్పారు. అది మా ఇద్దరి మధ్య విషయం, ఇక్కడ రాయను. నేను ఏడ్చాను, చాలా రోజులు మాట్లాడలేదు. వైద్యం మాత్రం ఒక్క వారం కూడా ఆపలేదు.

ఎప్పుడు సోకిందో కచ్చితంగా తేలలేదు కాబట్టి ఇద్దరికీ బెంజథైన్ పెన్సిలిన్ వారానికొకటి చొప్పున మూడు వారాలు ఇచ్చారు. ఒక్కో డోసు 24 లక్షల యూనిట్లు, సగం ఒక పిర్రకి, సగం ఇంకో పిర్రకి. ముందు టెస్ట్ డోసు వేసి అలర్జీ లేదని చూసుకున్నారు. ఇంజెక్షన్ బాగా నొప్పి, రాత్రి పక్క మీద తిరగలేకపోయాను. మొదటి డోసు వేసిన రాత్రి చలితో జ్వరం వచ్చింది. సూక్ష్మజీవులు ఒక్కసారిగా చచ్చినప్పుడు అలా వస్తుందని, ఒక రోజులో తగ్గుతుందని ముందే చెప్పారు. కడుపులో నొప్పులు వస్తే మాత్రం వెంటనే రమ్మన్నారు. కడుపుతో ఉన్నవాళ్లు ఒక వారం తప్పితే కోర్సు మళ్లీ మొదటి నుంచి వేయాలట. "వారం వారం సూదులెందుకే?" అని అత్తయ్య అడిగితే ఆయనే "డాక్టర్ రాశారమ్మా, నాకూ వేస్తున్నారు" అన్నారు. ఆయన ఆ మాట అనడం నాకు చాలా ధైర్యమిచ్చింది.

మందు, సలహా అన్నీ గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లోనే, పైసా ఖర్చు లేకుండా. ఈ జబ్బులకి ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో సురక్ష క్లినిక్‌లు ఉంటాయి. అక్కడి కౌన్సిలర్ గారు నాకు చాలా విషయాలు చెప్పారు. మగవాళ్లకి చీము కారడం, మూత్రంలో మంట వస్తే గనేరియా కావచ్చు. ఆడవాళ్లలో గనేరియా, క్లమీడియా చాలాసార్లు ఏ గుర్తూ చూపించవు. పొత్తికడుపు నొప్పి, వాసనతో తెల్లబట్ట, కలిసినప్పుడు నొప్పి ఉంటే చూపించుకోవాలి, లేకపోతే గర్భనాళాలు మూసుకుపోయి పిల్లలు పుట్టకపోవచ్చు. మంటతో చిన్న నీటి పొక్కులు గుంపుగా వస్తే హెర్పిస్ అయి ఉండొచ్చు. లక్షణాన్ని బట్టి రంగుల కిట్లలో మందులు ఇస్తారు: చీముకి బూడిద రంగు, తెల్లబట్టకి ఆకుపచ్చ. మెడికల్ షాపులో అడిగి రెండు మాత్రలు మింగితే కుదరదు. భార్యాభర్తల్లో ఒక్కరే వాడితే జబ్బు మళ్లీ తిరిగొస్తుంది. కోర్సు పూర్తయ్యేదాకా కలవకూడదు. కండోమ్ చాలావరకు కాపాడుతుంది, కానీ అది కప్పని చోట పుండు ఉంటే సోకవచ్చు. కంచాలు, తువ్వాళ్లు, బాత్రూమ్ వల్ల సిఫిలిస్ రాదు. ఆ మాట విన్నాకే మా ఆడబిడ్డ పిల్లల్ని మళ్లీ ధైర్యంగా ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను.

హెచ్‌ఐవీ మాకు లేదు. సిఫిలిస్ పుండు ఉంటే హెచ్‌ఐవీ సులువుగా సోకుతుందని, మూడు నెలల తర్వాత మళ్లీ చేయించారు, అప్పుడూ నెగెటివే. హెపటైటిస్ బీ టీకా ఇద్దరం వేయించుకున్నాం.

పాప నెలలు నిండి పుట్టింది. తన రక్తంలో కూడా వీడీఆర్‌ఎల్ కాస్త కనిపించింది, అది జబ్బుతో పోరాడటానికి నా ఒంట్లో తయారై తనకి వెళ్లిన యాంటీబాడీల వల్లేనని చెప్పారు. ఆరు నెలలు తిరిగేసరికి పూర్తిగా పోయింది. నా టైటర్, అంటే వీడీఆర్‌ఎల్‌లో కనిపించే ఆ యాంటీబాడీల స్థాయి, 1:32 నుంచి 1:8కి, తర్వాత 1:2కి దిగింది. కనీసం నాలుగు రెట్లు తగ్గితే మందు పనిచేసినట్టు.

టీపీహెచ్‌ఏ మాత్రం జబ్బు తగ్గినా చాలామందిలో జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది. రేపు ఇంకో కాన్పుకో, ఆపరేషన్‌కో వెళ్లినప్పుడు కొత్త డాక్టర్ చూసి కంగారు పడకుండా ఇంజెక్షన్ తేదీలు, టైటర్ కాగితాలు అన్నీ ఒకే ఫైలులో పెట్టుకోండి. ఎవరిని అడగాలో తెలియకపోతే జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు, పేరు చెప్పనక్కర్లేదు.