నాలుగు గిన్నెల క్యారియర్

మా ఇంట్లో పొయ్యి ఇప్పుడు పాలు కాచడానికీ, బయటి నుంచి వచ్చిన పప్పునూ కూరనూ మళ్లీ మరగబెట్టడానికీ మాత్రమే వెలుగుతోంది. బియ్యం కడిగి ఎసట్లో వేయడం, పప్పు ఎనపడం, తిరగమోత పెట్టడం వంటి పనులన్నీ కడప ఎర్రముక్కపల్లిలోని మా మేడమీది ఇంటి నుంచి రెండు వీధుల అవతలి ఇంకొకరి వంటింటికి తరలిపోయాయి. చిన్నతనంలో వచ్చిన కీళ్లవాత జ్వరం నా గుండె కవాటాన్ని పాడుచేసింది. శస్త్రచికిత్స చేసి లోహపు కవాటం అమర్చిన తరువాత కొన్నేళ్లు ఉద్యోగం కూడా చేసుకున్నాను గానీ, క్రమంగా గుండె కండరం బలహీనపడి, మెట్లు దిగి మళ్లీ ఎక్కడం నా వల్ల కాని పని అయిపోయింది. అమ్మకు డెబ్బై దాటాయి. పొయ్యి దగ్గర కాసేపు నిలబడితే చాలు, మోకాళ్లు మొరాయిస్తాయి. అందుకని మా ఇద్దరి భోజనమూ మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్‌లో వస్తుంది, అందులోదే రాత్రికీ సర్దుకుంటాము.

చూసిపోవడానికి వచ్చే చుట్టాలు ముందుగా అడిగేది రుచి గురించే. నా మటుకు నాకు రుచి రెండో సంగతి, మొదటి సంగతి ఉప్పు. గుండె రక్తాన్ని తోడే శక్తి తగ్గినప్పుడు మూత్రపిండాలు ఉప్పునూ, దానితోపాటు నీటినీ ఒంట్లోనే నిలిపేస్తాయి. ఆ నీరు పాదాల్లో వాపుగా కనిపిస్తుంది, ఊపిరితిత్తుల్లోకి చేరితే రాత్రి వెల్లకిలా పడుకోనివ్వదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికే ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచాకు తక్కువ. పొద్దున కారం దోసె, మధ్యాహ్నం ఊరగాయ, నంజుకోవడానికి ఊరమిరపకాయ తినే మా ఊరి అలవాటులో ఆ చెంచాడు ఉప్పు ఏ మూలకూ చాలదు. ఫోన్ యాప్‌లో హోటలు భోజనం తెప్పించుకోవచ్చు కదా అని అడిగేవారికి నేను చెప్పే సమాధానం ఒకటే. కారం తగ్గించమని రాస్తే తగ్గించగలరేమో గానీ, పొద్దునే పెద్ద పాత్రలో కలిపి పెట్టుకున్న మసాలాలోకి ఎక్కిన ఉప్పును నా ఒక్కదాని కోసం ఎవరూ వెనక్కి తీయలేరు. ఇంట్లో వండి అమ్మేవారైనా 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద పేరు నమోదు చేసుకోవాలి, అందుకు 14 అంకెల సంఖ్య ఇస్తారు. ఆ సంఖ్య అవసరమే, అయితే గిన్నెలో ఉప్పెంత ఉందో అది చెప్పదు.

మాకు క్యారియర్ పంపే ఆమె చేతి కొలతతో వండే మనిషి. ఉప్పు తగ్గించమంటే నవ్వి, “ఉప్పు లేకపోతే నోట్లో ఎట్ల పెట్టుకుంటావక్కా?” అనేది. తగ్గించానని ఆమె అన్నా నా పాదాలు ఒప్పుకునేవి కావు. ఎంత తగ్గించారన్నది ఇద్దరి నాలుకల మధ్య తేలే లెక్క కాదు కాబట్టి, తగ్గించమనడం మానేసి, వేయకముందే నా వంతు తీసి పెట్టమని అడిగాను. ఇప్పుడు పప్పు ఉడికి ఎనిపిన తరువాత నాకు రెండు గరిటెలు వేరే గిన్నెలోకి తీసి, ఆ తరువాతే మిగిలినదాంట్లో ఉప్పు వేస్తుంది. కూరకూ అదే పద్ధతి. నా గిన్నె చెవికి ఎర్ర దారం కట్టి ఉంటుంది; ఆ దారం లేకుండా వచ్చిన గిన్నె అమ్మది. పొద్దున నేను ఆ రోజుకు సరిపడా ఉప్పును, అర చెంచాకు మించకుండా, చిన్న డబ్బీలో పోసుకుంటాను, తినేటప్పుడు అందులోంచే పైన చల్లుకుంటాను. కూరలో ఉడికిన ఉప్పు కంటే పైన చల్లిన ఉప్పు నాలుకకు ముందు తగులుతుంది కనుక, చిటికెడుతోనే కూర తిన్నట్టు ఉంటుంది.

అన్ని వంటలూ ఈ పద్ధతికి లొంగవు. రాగిసంగటిని ఉప్పు లేకుండా కెలికినా తేడా తెలియదు గానీ, దాని పక్కకు వచ్చే చెనిక్కాయల ఊరుబిండిని ఉప్పు లేకుండా నూరితే తినడం కష్టం. బజ్జీ పిండిలో ఉప్పే కాక సోడా కూడా ఉంటుంది, వంటసోడాలో ఉన్నదీ సోడియమే. కందిపప్పు త్వరగా ఉడకడానికి ఆమె వేసే చిటికెడు సోడాను మాన్పించడానికి, పప్పును ముందుగా నానబెట్టమని బతిమాలవలసి వచ్చింది. ఒక బంధువు ప్రేమగా సోడియం తక్కువ ఉన్న ఉప్పు ప్యాకెట్ తెచ్చిచ్చారు. అందులో మామూలు ఉప్పులో కొంత భాగానికి బదులుగా ఉండేది పొటాషియం క్లోరైడ్. నేను వేసుకునే స్పైరోనోలాక్టోన్ మాత్ర పొటాషియాన్ని ఒంట్లో నిలిపే మాత్ర, రెండూ కలిస్తే గుండె లయకే ప్రమాదమని డాక్టరు వద్దన్నారు.

ఉప్పు తరువాత నన్ను ఎక్కువ కష్టపెట్టినవి, ఎవరూ అనుమానించని ఆకుకూరలు. లోహపు కవాటం మీద రక్తం గడ్డకట్టకుండా నేను జీవితాంతం వార్ఫరిన్ వేసుకోవాలి, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూపే పరీక్ష అంకె, అంటే నా ఐఎన్‌ఆర్, 2.5కూ 3.5కూ మధ్య నిలవాలి. ఆకుకూరల్లోని కె విటమిన్ ఈ మందుకు ఎదురు పనిచేస్తుంది. అలాగని వాటిని మానేయమని డాక్టర్లు చెప్పరు, ఏ వారమైనా ఇంచుమించు ఒకే మోతాదులో తినమంటారు. మార్కెట్లో చవకగా దొరికినదాన్ని బట్టి వండే మనిషికి ఈ నియమం ఎట్లా కుదురుతుంది? వానలు పడి ఆకు విరివిగా దొరికితే తోటకూర పప్పు, మెంతికూర, గోంగూర వరుసగా వచ్చేవి, ఐఎన్‌ఆర్ కిందికి జారేది. ఎండల్లో ఆకు మాయమైతే అది పైకెక్కి, పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం కారేది. ఇప్పుడు నా గిన్నెలో ఆకుకూర మంగళ, శుక్రవారాల్లో మాత్రమే, గరిటెడు మాత్రమే అని మాట అనుకున్నాం. మిగిలిన రోజుల్లో బీరకాయో, సొరకాయో, వంకాయో.

కడప ఎండల గురించి మనవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. వండిన ఆహారాన్ని బయట రెండు గంటలకు మించి ఉంచకూడదంటారు, 32 డిగ్రీలు దాటిన వేడిలో అయితే గంటే. మా దగ్గర ఏప్రిల్‌లో 40 దాటడం మామూలే కాబట్టి, క్యారియర్ రాగానే రాత్రి వంతు ఫ్రిజ్‌లోకి వెళ్లిపోవాలి, తినేముందు పొగలు కక్కేదాకా మరగాలి. నాకు రోజుకు ఒకటిన్నర లీటరు ద్రవాలే అన్న హద్దులో చారు, మజ్జిగ కూడా లెక్కకొస్తాయి. ఎండాకాలంలో అమ్మ గ్లాసెడు మజ్జిగను ఎత్తి తాగుతుంటే చూడటం నాకు ఉప్పు లేని పప్పు కంటే కష్టం. ఆమె మాత్రం ఊరగాయ జాడీని నా కంటపడకుండా బీరువాలో పెట్టుకుంది. బట్టలకు ఆవకాయ వాసన వస్తోందని అంటే, బట్టలు తినేది లేదులే అంటుంది.

రాష్ట్రంలో 65 ఏళ్లు దాటినవారికీ దివ్యాంగులకూ రేషన్ ఇంటికే పంపే ఏర్పాటు ఉంది కాబట్టి, అమ్మ పేరున బియ్యం గుమ్మంలోకి వస్తుంది. అన్న క్యాంటీన్లో పూటకు 5 రూపాయలకే భోజనం దొరుకుతుంది, దాని కోసం వరుసలో నిలబడగలిగితే. బియ్యం ఇంటికొచ్చినా వండలేనివారు, అన్నం వండి ఉన్నా అక్కడికి పోలేనివారు ఈ రెండు ఏర్పాట్ల మధ్యన ఎక్కడా లెక్కకు రారు. ఆ ఖాళీని ప్రస్తుతం పూడుస్తున్నది మా క్యారియరామె వంటివారే. పండగకు ఆమె ఊరికి పోతే మాకు అటుకులూ పాలే గతి.

ఈమధ్య ఆమెకు డయాలసిస్ చేయించుకునే పెద్దాయన ఒకరు కొత్తగా వచ్చారు. “ఆయనకూ నీ గిన్నెలోదే పెట్టేదా అక్కా?” అని ఫోన్ చేసింది. పెట్టవద్దని చెప్పాను. ఆయనకు ఉప్పుతోపాటు పొటాషియం కూడా లెక్కే, కూరగాయలు తరిగి ఉడికించి ఆ నీళ్లు పారబోయాల్సి రావచ్చు, ఆకుకూర పప్పు సంగతి వాళ్ల డాక్టరే చెప్పాలి. తినదగినవీ తినకూడనివీ ఆసుపత్రి కాగితం మీద రాయించి పంపమని ఆయన కోడలిని అడిగిందట, కాగితం ఇంకా రాలేదు. అది వచ్చేదాకా మొదలుపెట్టనని, ఆయన గిన్నెకు మాత్రం పచ్చ దారం కొనిపెట్టానని చెప్పింది.