బోర్డు ఉంది, కాపలా ఏది?

ఒక కంపెనీలో స్వతంత్ర డైరెక్టర్లు (యాజమాన్యంతో సంబంధం లేని బోర్డు సభ్యులు) ఎంతమంది ఉన్నారన్నది నేను పెద్దగా పట్టించుకోను. బోర్డు కాగితాలు వాళ్ల చేతికి ఎప్పుడు అందాయన్నదే చూస్తాను. మూడొందల పేజీల ఫైలు ముందురోజు రాత్రి పంపితే, మర్నాడు జరిగేది చర్చ కాదు, సంతకాల కార్యక్రమం.

అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్‌లో పైకి అన్నీ సవ్యంగానే ఉండేవి: లెక్కల తనిఖీని పర్యవేక్షించే ఆడిట్ కమిటీ, నీతి నియమావళి. కానీ 1999లో ఆ నియమావళినే పక్కనపెట్టి, ఎన్రాన్‌తో లావాదేవీలు జరిపే భాగస్వామ్య సంస్థలను నడుపుకోమని సీఎఫ్ఓకు (కంపెనీ ఆర్థిక వ్యవహారాల అధిపతికి) అనుమతిచ్చింది సాక్షాత్తూ బోర్డే! అటూ ఇటూ ఒకే మనిషి కూర్చుంటే బేరం ఎవరి కోసం ఆడతాడు? 2001 డిసెంబరులో దివాలా.

జర్మనీ చెల్లింపుల కంపెనీ వైర్‌కార్డ్ సంగతి వేరు. లెక్కల్లో చూపించిన 190 కోట్ల యూరోల నగదు బహుశా అసలు లేదేమోనని 2020 జూన్‌లో కంపెనీయే ఒప్పుకుంది. ఇలాంటి చోట ఆడిటర్ చేయాల్సింది మామూలు పనే. బ్యాంకు చిరునామా సొంతంగా సరిచూసుకుని, నిల్వ ధ్రువీకరణ లేఖ తానే పంపి, జవాబు నేరుగా తనకే తెప్పించుకోవాలి. మధ్యలో కంపెనీ ఉద్యోగి చేయి పడితే ఆ లేఖను నమ్మలేం. ఇంకో పరీక్ష ఉంది, కాలిక్యులేటర్ చాలు: చూపించిన డిపాజిట్లకు రావాల్సిన వడ్డీ నిజంగా వచ్చిందా?

ఆడిట్ కమిటీ సీఎఫ్ఓను బయట కూర్చోబెట్టి ఆడిటర్‌తో విడిగా మాట్లాడిందా అన్నదీ అడగాలి. మినిట్స్‌లో (సమావేశం నమోదులో) ‘చర్చించి ఆమోదించారు’ అని తప్ప ఒక్క ప్రశ్నా కనిపించకపోతే, మాట్లాడలేదనే నా లెక్క.