విండోస్ మార్చే ముందు డేటాబేస్ సంగతి

ఈరోజంతా ఆఫీసులో బిల్లింగ్ సిస్టమ్ ముందే గడిచిపోయింది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తోనే సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి 11కి మారక తప్పదు, కంప్యూటర్ 11కి సరిపోతుందో లేదో చెప్పే మైక్రోసాఫ్ట్ యాప్ పీసీ హెల్త్ చెక్ పెడితే అన్నీ పచ్చ టిక్కులే, టీపీఎం 2.0 (11 అడిగే సెక్యూరిటీ చిప్) ఉంది, ర్యామ్ సరిపోతుంది, ప్రాసెసర్ కూడా ఓకే. కానీ అది చూసేది మెషీన్‌ని మాత్రమే, అందులో నడిచే డేటాబేస్ గురించి ఒక్క ముక్క చెప్పదు. నా భయమంతా దాని గురించే. విండోస్ పాడైతే మళ్ళీ వేసుకుంటాం, ఏళ్ళ తరబడి ఎక్కించిన బిల్లులు పోతే ఎక్కడ్నించి తెస్తాం?

అందుకే ముందు డేటాబేస్‌ని దాని వర్షన్ అడిగే క్వెరీ కొట్టి చూశా, ఎస్‌క్యూఎల్ సర్వర్ 2014 ఎక్స్‌ప్రెస్ (మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఉచిత రకం) అని వచ్చింది. మైక్రోసాఫ్ట్ పట్టికలో చూస్తే విండోస్ 11 మీద 2017 నుంచి పైవాటికే సపోర్ట్, 2014, 2016 రెండూ లేవు. ఆల్రెడీ ఉన్నది కదా నడిచేస్తుందిలే అనేవాళ్ళు ఉంటారు గానీ లెక్కల సిస్టమ్ మీద నాకా ధైర్యం వద్దు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఫోన్ చేస్తే "2019 మీద మా దగ్గర బానే నడుస్తోంది సార్" అన్నారు, సరే అదే ఖాయం చేసుకున్నా.

ఎక్కువసేపు పట్టింది మాత్రం డిస్క్ సెక్టార్ సైజు (డిస్క్ ఒక్కసారికి రాసే ముక్క సైజు) దగ్గర. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి పనికొచ్చేవి 512 బైట్లు, 4096 బైట్లు, ఈ రెండే. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎఫ్ఎస్‌యుటిల్ అనే విండోస్ టూల్‌తో సెక్టార్ ఇన్ఫో అడిగితే అటామిసిటీ అని ఉన్న లైన్లో 4096 చూపించింది, హమ్మయ్య అనిపిస్తుంది కదా, కానీ ఇక్కడే మెలిక ఉంది. విండోస్ 10లో ఎన్‌వీఎంఈ (వేగమైన ఎస్‌ఎస్‌డీ రకం) డ్రైవర్ 4096 అని చెప్పిన డిస్కే 11లోకి వెళ్ళాక తన అసలు సైజు బయటపెట్టొచ్చు. 11 ఉన్న నా ల్యాప్‌టాప్‌లో అదే కమాండ్ కొడితే 16384 వచ్చింది! అలాంటి డిస్క్ మీద ఎస్‌క్యూఎల్ సర్వర్ సర్వీస్ స్టార్టే అవ్వదు. దీనికి మందు విండోస్ సెట్టింగులు దాచే రిజిస్ట్రీలో స్టోర్‌ఎన్‌వీఎంఈ, పారామీటర్స్, డివైస్ కింద ఫోర్స్‌డ్ ఫిజికల్ సెక్టార్ సైజ్ ఇన్ బైట్స్ అనే కీ పెట్టి, విలువ స్టార్, స్పేస్, 4095 ఇచ్చి రీస్టార్ట్ చేయడం. అంటే ఈరోజు తేలే విషయం కాదు, 11 పడ్డాక మళ్ళీ చూడాల్సిందే, కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించేశా.

మధ్యాహ్నం ఇదే మెషీన్లో 2014 పక్కనే 2019ని వేరే ఇన్‌స్టెన్స్‌గా, అంటే విడిగా నడిచే ఇంకో కాపీగా వేసి, చెక్‌సమ్‌తో (డేటా పాడైతే పట్టించే లెక్క) బ్యాకప్ తీసి అందులోకి రీస్టోర్ చేశా. ఒక్కసారి 2019లోకి ఎక్కిన డేటాబేస్ బ్యాకప్ వెనక్కి 2014లోకి రాదు, అందుకే పాతదాన్ని ఇప్పుడే తీసేయలేదు. కంపాటిబిలిటీ లెవెల్ (డేటాబేస్ ఏ వర్షన్‌లా నడవాలో చెప్పే సెట్టింగ్) 2014 నాటి 120 అలాగే ఉంది, దాన్ని ఇప్పుడు కదపను, ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది దేనివల్ల ఆగిందో తెలీదు. డేటాబేస్ లోపల ఏదైనా పాడైందేమో వెతికే డీబీసీసీ చెక్‌డీబీ కూడా ఒక్క ఎర్రర్ లేకుండా ముగిసింది.

అకౌంట్స్ చూసే అక్క వెనకాలే నిలబడి "పాత బిల్లులన్నీ ఉంటాయి కదా తమ్ముడూ" అని అడుగుతూనే ఉంది, పాపం ఏడాది చివరి లెక్కలన్నీ ఆవిడ మీదే. "మీరే చూడండక్కా" అని సాఫ్ట్‌వేర్‌ని కొత్త ఇన్‌స్టెన్స్‌కి కలిపి కుర్చీ ఇచ్చా. ఆవిడ పోయిన మార్చి లెడ్జర్ తెరిచి, ప్రింట్ పక్కన పెట్టుకుని, ఒక్కో మొత్తం మీద వేలు పెట్టి చూసుకుంది, క్లోజింగ్ బ్యాలెన్స్ పైసాతో సహా కలిసింది. నా మాట కన్నా ఆ చెకింగే నాకు గట్టి నమ్మకం.

రేపు బ్యాకప్ కాపీ బయటి డిస్క్‌లోకి వేసి, దాన్ని ఇంకో మెషీన్లో రీస్టోర్ చేసి చూడాలి. అది కూడా సరిగ్గా తెరుచుకుంటే ఆదివారం ఎవరూ బిల్లులు కొట్టని టైములో విండోస్ 11 మొదలుపెడతా.