సముద్రం లేని ఊళ్ళో టెర్న్ ఫోటో కోసం నేను పడ్డ పాట్లు

నిన్న పొద్దున దొరికింది. రివర్ టెర్న్ (దూకి చేపలు పట్టే నీటిపక్షి) నీళ్ళలోకి దూకి పైకి లేస్తోంది, పసుపు ముక్కులో చిన్న చేప, రెక్క చివర నుంచి జారే నీటి బొట్లు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. అందుకే పర్మిషన్ కాగితం కోసం తిరిగిన ఆ కోపం, ఈ సంతోషం రెండూ చల్లారకముందే రాస్తున్నా.

మాది హన్మకొండ. పెళ్ళిళ్ళకు ఫోటోలు తీస్తాను. సముద్రపు పక్షులు ఎగురుతుంటే తీయాలని చాలా ఏళ్ళ కోరిక. కాకినాడ దాకా పోవాల్సిన పనేమీ లేదు. సముద్రం ఒడ్డున తిరిగే గల్స్, ఈ టెర్న్‌లు ఒకే కుటుంబం, అందులో రివర్ టెర్న్ మన చెరువుల మీద, గోదావరి మీదే బతుకుతుంది. చలికాలంలో విస్కర్డ్ టెర్న్‌లు కూడా వస్తాయి. సముద్రం ఒడ్డున గల్‌ని పట్టాలన్నా ఇక్కడ చేయి తిరిగితే చాలు.

కెమెరా సంగతి తొందరగా చెప్పేస్తా. షట్టర్ వేగం 1/2500 సెకను కంటే తగ్గొద్దు, ఫోకస్ కంటిన్యువస్‌లో (కదిలే పక్షి వెంటే పోయేలా) ఉండాలి. ఎక్స్‌పోజర్ (ఫోటోలో వెలుగు ఎంతనేది) మాత్రం మాన్యువల్‌లో పెట్టండి, ఎవరేమన్నా సరే. వెనక నల్లటి నీళ్ళున్నా, తెల్లటి ఆకాశమున్నా పక్షి మీద పడే ఎండ ఒకటే. ఆటోలో వదిలేస్తే కెమెరా నీళ్ళను చూసి వెలుగు పెంచేస్తుంది, ఇక రెక్కల్లో ఈకలే కనపడవు. టెర్న్ దూకే ముందు గాలిలో ఒకచోట ఆగి, తల కిందికి వంచి రెక్కలు కొడుతుంది. ఆ రెండు మూడు సెకన్లలోనే ఫోకస్ పట్టేయాలి. తలంబ్రాలు చేయి జారే క్షణాన్ని పట్టడం అలవాటైనవాడికి ఇదేం కొత్త కాదు, గొప్ప అనుకోకపోతే నాకు మొదటి వారంలోనే వచ్చేసింది.

అసలు కథ కట్ట మీద మొదలైంది. ఏ చెరువో చెప్పను. సాయంత్రం ఎండ వెనక నుంచి పడుతోంది, తూము దగ్గర టెర్న్‌లు తిరుగుతున్నాయి, నేను లెన్స్ ఎత్తిన్నో లేదో వెనక నుంచి కట్ట కాపలా మనిషి కేక.

"ఏయ్, ఇటు రా. బ్యాగుల ఏమున్నది? డ్రోనా?"

"లెన్స్ అన్నా, పిట్టల ఫోటోలు తీస్తున్న."

"పిట్టలకు గింత పెద్దదా? తీసినై ఎవలకు పంపిస్తున్నవ్?"

బ్యాగు మొత్తం కట్ట మీద కుమ్మరించమన్నాడు. బ్యాటరీలు, తుడిచే గుడ్డ, ఎవరిదో పెళ్ళి కార్డు, అన్నీ నేల మీద. పక్కనే ఒక కుటుంబం అవే గేట్లను వెనక పెట్టుకుని ఫోన్లలో సెల్ఫీలు దిగుతోంది, వాళ్ళను ఒక్క మాట అనలేదు. అంటే ఫోన్‌తో తీస్తే పిక్నిక్, లెన్స్‌తో తీస్తే గూఢచారి! అదైనా ఓర్చుకునేవాణ్ణి. అప్పుడే పోయినేడు నేను పెళ్ళి చేసిన, అదే, ఫోటోలు తీసిన జంట వాకింగ్‌కు వచ్చింది. "అయ్యో, మన ఫోటోగ్రాఫర్ అన్న కదా, ఏం చేసిండు?" అని ఆ అమ్మాయి పక్కాయన్ని అడగడం నాకు స్పష్టంగా వినపడింది. ఏం చేసిండు! ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది. కెమెరా మెమరీ కార్డులో ఉన్న ఫోటోలన్నీ నా చేతనే డిలీట్ చేయించి, పర్మిషన్ లెటర్ లేకుండా మళ్ళీ రావొద్దని పంపాడు. (డిలీట్ అయిన కార్డు మీద కొత్తగా ఏమీ తీయకపోతే రికవరీ సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు తిరిగొస్తాయి. నావి వచ్చాయి.)

సరే, లెటరే తెద్దామని కట్ట బాధ్యత చూసే ఆఫీసుకు పోయా. దరఖాస్తు చూసిన సారు అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్ని పిట్టలు?"

"అట్ల ఎట్ల చెప్తం సార్, ఒకరోజు పది వస్తయి, ఒకరోజు రావు."

"సంఖ్య లేకుండ ఫైల్ ఎట్ల పెడ్తమయ్యా?"

ఇరవై అని రాశా. అప్పుడు, పక్షులంటే మా పరిధి కాదు, పక్షుల సంగతి చూసే ఆఫీసు నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) తెమ్మన్నాడు. అక్కడికి పోతే మనిషి మంచివాడు, కూర్చోబెట్టి చాయ్ తాగించాడు. 1972 వన్యప్రాణి చట్టం కింద అభయారణ్యంలో ఫోటోలకు అనుమతి ఇచ్చేది మేమే, పాఖాలలాంటి చోటైతే అడుగు, ఈ చెరువు అభయారణ్యం కాదు కదా అన్నాడు. న్యాయమే. ఆ ముక్కే కాగితం మీద రాసివ్వండి సార్ అన్నా. "మాది కాదని మేమెట్ల రాసిస్తం?" అన్నాడు. చాయ్ గ్లాసు పట్టుకుని ఆయన మొహంలోకే చూస్తూ ఉండిపోయా.

మీరెవరైనా ఇట్లాంటి పనికి పోతే ముందు దరఖాస్తు ఇన్‌వర్డ్‌లో (ఆఫీసుకు వచ్చే కాగితాలు తీసుకునే చోట) ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో స్టాంప్ వేయించుకోండి. స్టాంప్ లేని దరఖాస్తు ఏ బీరువాలో పడుతుందో ఆ దేవుడికే తెలియాలి. నా ఫైలు కదిలింది మాత్రం సోమవారం ప్రజావాణిలో, అంటే కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే చోట, ఫిర్యాదు ఇస్తానని గట్టిగా చెప్పాకే. మర్యాదగా అడిగినన్ని రోజులు ఒక్క అడుగు పడలేదు, ఇది రాసుకోండి.

చివరికి లెటర్ వచ్చింది. ఆత్రంగా చదివా. "కట్ట, తూము, గేట్ల ప్రాంతం మినహా, శికం వైపు నుండి పక్షుల ఫోటోలు తీసుకొనుటకు ఈ కార్యాలయమునకు అభ్యంతరము లేదు." శికం అంటే చెరువు లోపలి భూమి, నీళ్ళు తగ్గితే బయటపడేది. అక్కడ బర్రెలు మేస్తాయి, పిల్లలు క్రికెట్ ఆడతారు. అక్కడికి పోవడానికి ఎవడు ఎవణ్ణి అడిగాడు?

ఆ కోపంలోనే శికం వైపు బండి తిప్పా. వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన నా అవతారం చూసి, "పొద్దుగాల వల గుంజేటప్పుడు రా బిడ్డా, గా తెల్లపిట్టలు మా ఎన్కనే తిరుగుతయి" అన్నాడు. ఒక్క ప్రశ్న లేదు, ఒక్క కాగితం లేదు.

ఆ చోటు నిజంగా బాగుంది. చెరువుకు తూర్పు ఒడ్డు, కాబట్టి పొద్దున ఎండ మన వీపు మీద పడుతుంది. చలికాలంలో గాలి కూడా ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచే. పక్షి గాలికి ఎదురుగా ఎగురుతుంది కనుక సూటిగా మన వైపే వస్తుంది. అదే కట్ట మీద సాయంత్రమైతే ఎండ బాగానే ఉంటుంది గానీ, పక్షులు మనకు వీపు చూపిస్తూ పోతాయి. ఇంకొకటి, టెర్న్ తల మీద నల్ల టోపీ ఉంటుంది, కన్ను అందులో కలిసిపోతుంది. పొద్దుటి ఏటవాలు ఎండ పడితేనే కంట్లో మెరుపు వస్తుంది. ఎనిమిది దాటాక ఎండ పైకెక్కితే బ్యాగు సర్దుకోవడమే.

ఒక్క సంగతి గట్టిగా చెప్తా, కోపమొచ్చినా పర్లేదు. ఎండలు ముదిరి నీళ్ళు తగ్గాక ఈ పక్షులు ఇసుక దిబ్బల మీద ఏ చాటూ లేకుండా గుడ్లు పెడతాయి. ఫోటో కోసం అక్కడికి నడిచి పోతే తల్లి లేచిపోతుంది, గుడ్లు ఎండకు, కుక్కలకు పోతాయి. ప్రపంచం మొత్తం మీద వీటి సంఖ్య పడిపోతోందని ఐయూసీఎన్ (ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంస్థ) ముప్పున్న పక్షుల జాబితాలో పెట్టింది. గూటి ఫోటోలు పెట్టి లైకులు ఏరుకునేవాళ్ళు కెమెరా అమ్మేసుకోవచ్చు.

పెద్దాయనకు నిన్నటి ఫోటో పన్నెండు బై పద్దెనిమిది అంగుళాల ప్రింట్ వేసి ఇచ్చా. "పిట్ట మంచిగనే ఉన్నది గని నా వల ఏది?" అన్నాడు. వలతో కలిపి తీయడానికి ఆదివారం మళ్ళీ పోతున్నా.