మైక్రోస్కోపు మారిన తరువాత మా లిస్టు

ఈ రోజు ఆపరేషన్ల లిస్టులో ఉదయం చెవి ఆపరేషను, దాని వెంటనే మెదడు రక్తనాళంలోని ఉబ్బుకు క్లిప్పు వేసే కేసు ఉన్నాయి. రెండింటికీ మా థియేటర్లో ఉన్నది ఒకే మైక్రోస్కోపు. పాతది వాడిన కాలంలో ఇలాంటి లిస్టు పడితే, చెవి డాక్టరుగారి పని ముగిశాక 250 మిల్లీమీటర్ల లెన్సు విప్పి, మెదడు కేసుకు 400 మిల్లీమీటర్ల లెన్సు బిగించి, మళ్ళీ తూకం కుదిర్చేసరికి మత్తు డాక్టరుగారు గడియారం చూడడం మొదలుపెట్టేవారు. కొత్తదానిలో మీట నొక్కితే చాలు, లెన్సుకూ ఆపరేషను చోటుకూ మధ్య దూరం సర్దుకుంటుంది.

అయితే కొత్త యంత్రం వచ్చింది కనుక ఆపరేషను త్వరగా అయిపోతుందని అనుకునేవారితో నేను ఏకీభవించను. నరాన్ని రక్తనాళం నుంచి విడదీయడానికి పట్టే సమయం పడుతూనే ఉంటుంది. తగ్గేది మధ్యమధ్యలో పని ఆగిపోయే సమయం. హ్యాండిల్ మీద బటన్ నొక్కగానే బ్రేకులు వదులై, అంత బరువైన మైక్రోస్కోపు తల గాలిలో తేలినట్టు కదిలి, వదిలిన చోటనే నిలవాలంటే తూకం సరిగ్గా ఉండాలి. ఆ తూకాన్ని యంత్రం ఇప్పుడు తానే చూసుకుంటుంది గాని, అసిస్టెంటు చూసే ట్యూబు, కెమెరా ముందే అమర్చి ఉంటేనే. యంత్రానికి డ్రేపు (శుభ్రం చేసిన ప్లాస్టిక్ తొడుగు) తొడిగాక "సిస్టర్, ట్యూబు కుడివైపు పెట్టండి" అన్నారంటే మొదటికి వచ్చినట్టే. అందుకే అసిస్టెంటు ఏ వైపు నిలబడతారో ముందు రోజు సాయంత్రమే ఫోను చేసి అడుగుతాను. ఎవరికి ఎంత వెలుతురు, ఫుట్ పెడల్‌లో ఏ బటన్ దేనికి అన్నది యంత్రం పేరుపేరునా గుర్తుపెట్టుకుంటుంది. మా యంత్రంలో కళ్ళ మధ్య దూరం, కంటి పవరు మాత్రం ఐపీసుల దగ్గర చేత్తోనే తిప్పాలి కనుక, ఆ కొలతలు రాసి గోడ మీద నేను అతికించిన కార్డు ఇంకా అక్కడే ఉంది.

క్లిప్పు వేశాక మత్తు డాక్టరుగారు ఇండోసయనిన్ గ్రీన్ అనే, రక్తంలో కలిసి మెరిసే రంగు మందును సిరలోకి ఎక్కించగా, కాసేపటికే మానిటరు మీద రక్తనాళాలు తెల్లగా వెలిగాయి, ఉబ్బు మాత్రం నల్లగా ఉండిపోయింది. రక్తం ఉబ్బులోకి వెళ్ళడం లేదనీ, పక్క కొమ్మ మూసుకుపోలేదనీ తల తెరిచి ఉండగానే తెలియడం, నా దృష్టిలో, ఈ యంత్రం ఆదా చేసే అసలైన సమయం. తరువాత యాంజియోగ్రాములో (రక్తనాళాల ఎక్స్‌రేలో) లోపం బయటపడితే రోగిని మళ్ళీ బల్ల మీదికి తేవలసి వచ్చేది. ఆ మందు కలిపిన 6 గంటల లోపు వాడాలి కనుక పొద్దున్నే సిద్ధం చేసి ఉంచడం కుదరదు.

చెవి వైద్యులు మాత్రం మైక్రోస్కోపుతో ఆపరేషను మొదలుపెట్టిన గొప్ప తమదేనంటారు. 1921లో స్వీడన్‌లో కార్ల్ నైలెన్ చెవి ఆపరేషనుకు మైక్రోస్కోపు వాడారనీ, మెదడు వైద్యులు చాలా ఆలస్యంగా వచ్చారనీ ఈ రోజు టీ దగ్గర మళ్ళీ వాదన జరిగింది.

విశాఖలో, అందులోనూ బీచ్ రోడ్డుకు ఇంత దగ్గరలో, ఉప్పుగాలి తేమకు లెన్సుల మీద బూజు పడితే ఎంత ఖరీదైన యంత్రమైనా మసకగానే చూపిస్తుంది. సాయంత్రం చూస్తే తేమ పీల్చే సిలికా జెల్ నీలం నుంచి గులాబీ రంగుకు తిరిగి ఉంది, అంటే ఇక పీల్చలేదు. కొత్త సంచుల కోసం స్టోర్సుకు ఇండెంటు రాశాను. రేపటి మొదటి కేసు వెన్నెముకది, సర్జనుకు ఎదురుగా అసిస్టెంటు నిలబడతారు కనుక, ట్యూబును ముఖాముఖిగా మార్చి తూకం సరిచూసి వచ్చాను.