గురజాడ వారి ఇంటికి వెళ్తే

విజయనగరం మహారాజా కాలేజీ (ఎం.ఆర్. కాలేజీ)లో చదివిన మనకి గురజాడ అప్పారావు గారు పాఠ్యపుస్తకంలో కవి మాత్రమే కాదు, మన కాలేజీ మనిషి. అక్కడే చదివారు, అక్కడే లెక్చరర్‌గా పనిచేశారు. మహారాజా వారి స్కూల్లో గిడుగు రామమూర్తి గారు ఆయనకి సహాధ్యాయి. ఒకే బడిలో చదువుకున్న ఆ ఇద్దరూ పెద్దయ్యాక వాడుకభాష కోసం నిలబడ్డారు. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అప్పారావు గారు ఇచ్చిన అసమ్మతి పత్రం అందుకోసమే. ఆ మరుసటి ఏడాది నవంబరు 30న, 53 ఏళ్ల వయసులో ఆయన పోయారు.

విజయనగరంలో ఆయన ఉన్న ఇల్లు ఇప్పుడు స్మారక గృహం. ఈమధ్య ఊరు వెళ్ళినప్పుడు మా మనవరాలిని తీసుకెళ్ళాను. దానికి ఐదేళ్లు. గడప దాటగానే, "తాతయ్యా, ఈ తాత ఏం చేసేవారు?" అని అడిగింది. కథలు రాసేవారమ్మా అని చెప్పానే గానీ, నా మనసు ఆయన నాటకం 'కన్యాశుల్కం' మొదటి కూర్పు పీఠిక మీదకి పోయింది.

1897లో ఇంగ్లీషులో రాసిన పీఠిక అది. విజయనగరం ఆనంద గజపతి మహారాజా వారు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా ఒకటి తయారు చేయించారు. అందులోకి ఎక్కినవే 1034. ఏడాదికి సగటున 344. పెళ్లికూతుళ్లలో ఐదేళ్ల వాళ్లు 99 మంది, నాలుగేళ్ల వాళ్లు 44, మూడేళ్ల వాళ్లు 36, రెండేళ్ల వాళ్లు ఆరుగురు. ఏడాది నిండిన పసికందులు ముగ్గురు, ఒక్కొక్కరి వెల 350 నుంచి 400 రూపాయలు! కాలేజీలో ఆ నాటకంలోని గిరీశం మాటలు చదివి పగలబడి నవ్విన వాళ్లమే అందరం. ఆ నవ్వు వెనక ఈ లెక్క ఉందని నాకు తెలిసింది చాలా ఏళ్ల తర్వాత. ఆ గదిలో నా వేలు పట్టుకుని నిలబడ్డ పిల్లని చూస్తుంటే 99 అన్న అంకె ఇక అంకెలా అనిపించలేదు. ఇన్నాళ్లూ ఆ నాటకాన్ని హాస్యమనే చెప్పుకుంటూ వచ్చాం. నా మటుకు నాకు అది ముందు ఆ పిల్లల నాటకం, అందులోని ఆడపిల్లలు బుచ్చమ్మ, సుబ్బిల నాటకం.

ఇంటి నుంచి కోట వైపు నడిచాం. కోట ముందు బొంకులదిబ్బ. నాటకం మొదలయ్యేది అక్కడే, గిరీశం ఒంటరిగా మాట్లాడుకుంటూ. 1892లో మొదటిసారి ప్రదర్శించిందీ మన ఊళ్లోనే, జగన్నాథ విలాసినీ సభ వారు.

మన బ్యాచ్ వాళ్లకి ఒక మాట. ఈసారి కలిసినప్పుడు హాల్లో సన్మానాలు కాస్త తగ్గించి, పిల్లల్నీ మనవల్నీ వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్దాం. అటునుంచి బొంకులదిబ్బకి వచ్చి మొదటి అంకం పైకి చదువుదాం. గిరీశం ఎవరో మీరే తేల్చుకోండి, పీఠిక మాత్రం నేను చదువుతాను.